'నాకు చప్పుడు పడదు': శబ్దాసహనాన్ని ఆంగ్లంలో రాయడం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
1806లో కంటోన్మెంటు పట్టణంగా రూపొందిన సికింద్రాబాదులో తెలుగు, ఉర్దూ, తమిళం పక్కపక్కనే వినిపిస్తాయి. అయినా అధికారులకు రాసే అర్జీల్లో ఆంగ్లానికి నేటికీ చోటుంది. ఊరేగింపుల మోతను, ఫంక్షన్ హాళ్ల మైకులను భరించలేని తెలుగువారు ఆ బాధను ఆంగ్లంలో రాసేటప్పుడు ఎదురయ్యే భాషాపరమైన చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

వాక్య నిర్మాణ భేదం:
'నాకు చప్పుడు పడదు' అనే వాక్యంలో అనుభవించే వ్యక్తి 'కు' ప్రత్యయంతో నిలుస్తాడు. క్రియ చప్పుడుతో అన్వయిస్తుంది. 'వంకాయ పడదు', 'చల్లగాలి పడదు' అన్న వాక్యాలదీ ఇదే నిర్మాణం. పడకపోవడం ఇక్కడ వ్యక్తికీ విషయానికీ మధ్యనున్న సంబంధమే తప్ప వ్యక్తి గుణం కాదు. 'ఐ యామ్ సెన్సిటివ్ టు నాయిస్' అన్నప్పుడు మాత్రం వ్యక్తి కర్త అవుతాడు, అసహనం అతని విశేషణమవుతుంది. లోపం చప్పుడులో కాక ఫిర్యాదుదారునిలో ఉన్నట్లు చదివేవారికి తోచే అవకాశం ఉంది. 'ద నాయిస్ డిస్టర్బ్స్ మి' అంటే కర్తృస్థానం తిరిగి చప్పుడుకు దక్కుతుంది.

పదజాలం:
తెలుగులో మోత, రొద, గోల, హోరు, సవ్వడి వేర్వేరు అనుభవాలను సూచిస్తాయి. 'శబ్దం' మాత్రం వీటన్నింటికీ సరిపోతుంది. ఆంగ్లంలో 'సౌండ్' ఏ ధ్వనికైనా చెల్లుతుంది. 'నాయిస్'లో అవాంఛితమన్న తీర్పు ఇమిడి ఉంటుంది. అందువల్ల 'శబ్దం భరించలేను' అన్న భావానికి 'సౌండ్' వాడితే ఏ ధ్వనినీ సహించలేరన్న అర్థం వస్తుంది.

వైద్య పరిభాష మరింత సూక్ష్మమైనది. మామూలు ధ్వనులు కూడా భరించలేనంత బిగ్గరగా అనిపించడం 'హైపరెక్యూసిస్'. నమలడం వంటి నిర్దిష్ట ధ్వనులు, ఎంత చిన్నవైనా, కోపాన్నో ఏవగింపునో రేపడం 'మిసోఫోనియా'. ధ్వని పట్ల భయం 'ఫోనోఫోబియా'. పార్శ్వపు నొప్పిలో ధ్వనిని సహించలేకపోవడాన్నీ ఈ మాటతోనే చెబుతారు. వ్యాధి కాకున్నా చప్పుడుకు స్పందించే తీరు మనిషి మనిషికీ మారుతుంది. దీన్ని కొలవడానికి నీల్ వైన్‌స్టైన్ 1978లో 21 అంశాల మాపకాన్ని ప్రకటించాడు.

చట్టం కొలిచేది:
2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి విధించాయి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. పరిమితిని 10 డెసిబెళ్లు, అంతకుమించి దాటినా, రాత్రి నిషేధాలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. ఈ కొలతల్లో వినేవారి సున్నితత్వానికి చోటు లేదు.

ముగింపు:
కాబట్టి ఒకే బాధకు రెండు రచనా పద్ధతులు అవసరమవుతాయి. అర్జీలో చప్పుడు కర్తగా ఉండి, దాని మూలం, చోటు, వేళ, వ్యవధి స్పష్టం కావాలి. వైద్యునికి రాసేటప్పుడు వ్యక్తి కర్తగా ఉండి, ఏ ధ్వనికి శరీరం, మనసు ఎలా స్పందిస్తున్నాయో తెలపాలి. ఈ రెండూ కలగలిస్తే న్యాయమైన ఫిర్యాదు వ్యక్తిగత బలహీనతగా కొట్టివేతకు గురికావచ్చు. చికిత్స అవసరమైన బాధ పొరుగువారితో తగాదాగా మిగిలిపోవచ్చు. ఆంగ్ల లేఖన బోధనలో వ్యాకరణ శుద్ధితోపాటు కర్త ఎంపికకూ చోటు కల్పించవలసి ఉంది.