పంచె తెల్లగా.. ముఖం స్పష్టంగా

వేంపల్లె: పాపఘ్ని ఒడ్డున మిట్టమధ్యాహ్నం తెల్లపంచె, తలపాగా కట్టిన రైతును ఫొటో తీస్తే పంచె సున్నపు ముద్ద, ముఖం బొగ్గు. నలుపు తెలుపు ఫిల్ము రోజుల్లో ఊరి ఫొటోగ్రాఫర్లకు ఇదే తంటా. చాలా ఇళ్లల్లో పోయిన పెద్దలకు మిగిలింది ఆ ఒక్క ఫొటోనే. అందులో ముఖమే కనిపించకుంటే ఇంకేముంది?

ఉపాయం లేకపోలేదు. తలపాగా నీడలోని ముఖానికి సరిపడా వెలుగు ఫిల్ము మీద పడాలి. కెమెరాలో పడనిది కడిగితే రాదు గదా! అందుకే ఎండ తీవ్రంగా ఉంటే మామూలుగా ఇచ్చే వెలుగుకు రెట్టింపు ఇచ్చి, డెవలపర్‌లో ఉంచే సమయాన్ని ఐదో వంతు తగ్గించాలి. పది నిమిషాలైతే ఎనిమిది. పంచె నెగటివ్‌లో మరీ నల్లబడకముందే ఫిల్ము బయటికి వస్తుంది. మబ్బు పట్టి వెలుగునీడల తేడా లేని రోజున ఎక్కువసేపు కడగాలి.

మన సీమలో మరో చిక్కు నీళ్లు. మందుకు 20 డిగ్రీలు మేలంటారు. మే నెలలో కుండనీళ్లయినా అంత చల్లగా ఉంటాయా? వేడెక్కిన మందు తొందరపడి కాంట్రాస్టు పెంచేస్తుంది, ఫిల్ము మీది పూత మెత్తబడుతుంది. ఐసుగడ్డలు గిన్నె చుట్టూ పెట్టాలే గాని మందులో వేస్తే పలచబడుతుంది.

పెద్ద రోలుకు 12 ఫొటోలు. పెళ్లిలో సగం పందిట్లో, సగం ఎండలో తీసినా కడిగేది ఒక్కసారే. అప్పుడు కాగితమే దిక్కు: ముదురు నెగటివ్‌కు సాఫ్ట్ గ్రేడు, పేలవమైనదానికి హార్డ్ గ్రేడు.

పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన 'మల్లీశ్వరి'లో వాన రాత్రి సత్రం చూడండి, నీడల్లోనూ ముఖాలు పలుకుతాయి.

ఇంట్లో పాత నెగటివ్‌లుంటే పారేయకండి. కాగితం మీద నల్లబడిన ముఖం అందులో ఉండవచ్చు.