పాతకాలపు అమెరికా మోటారుకార్లు



వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులుకు మోటారుకార్ల ప్రసంగమేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. దివిసీమలో మా మేనమామగారి యింట, గడ్డివాము ప్రక్కనున్న తాటాకు పాకలో, ఒక షెవ్రొలే కారుండెడిది. 1930వ సంవత్సర ప్రాంతపుది. నా బాల్యమున అది పెండ్లి యూరేగింపులకు మాత్రమే బయటికి వచ్చుచుండెను. దాని గతి యేమైనదో మీకు చెప్పవలెనను కోరికతోనే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. అయినను ముందు దాని వంశచరిత్ర కొంత వినుడు.

అమెరికాలోని డెట్రాయిట్ పట్టణమున హెన్రీ ఫోర్డు అనునతడు 1908లో ‘మోడల్ టి’ యను కారును వెలువరించెను. ఆనాడు దాని వెల 850 డాలర్లు. 1913లో అతడొక క్రొత్త పద్ధతి తెచ్చెను. కారు ఒకచోట నిలిచియుండగా పనివారు దాని చుట్టును తిరుగుటకు మారుగా, పనివారే తమ తమ తావుల నిలిచియుండ, కారు వారి ముందరికి జరుగుచు వచ్చును. పండ్రెండు గంటలకు పైగా పట్టెడి బిగింపుపని గంటన్నరకు దిగెను. 1925 నాటికి వెలయు 300 డాలర్లకు లోపడెను. 1927లో ఆ కారు చేయుట మానునప్పటికి కోటిన్నర కార్లు తయారై యుండెను.

అవి మన దేశమునకు వచ్చిన దారి విచిత్రమైనది. అమెరికాలో బండ్లు బాటకు కుడివైపున నడచును గనుక కారు త్రిప్పు చక్రము ఎడమప్రక్క నుండును. మనకు కుడిప్రక్క నుండవలెను. 1904లో కెనడాలో ఏర్పడిన ఫోర్డు సంస్థకు, ఇంగ్లండు తప్ప తక్కిన బ్రిటిషు సామ్రాజ్యమున కార్లమ్ముకొను హక్కుండెను. కుడిచేతి కార్లను మనకు వారే పంపుచుండిరి. 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలోనే కార్లను బిగించు కర్మాగారము పెట్టిరి. మా మామగారు తమ కారు అక్కడ బిగించినదే యని గర్వముతో చెప్పెడివారు.

ఏలినవారు ఇంగ్లీషువారైనను మనవారు పెక్కుమంది అమెరికా కార్లను కోరుటకు కారణము మన నేలయే. ఇంగ్లండులో ఇంజను గొట్టముల వ్యాసమునుబట్టి పన్ను వేయుచుండుటచే అక్కడివారు చిన్న యింజనులనే మరగిరి. అమెరికాలోని పల్లెబాటలు వానకాలమున మన రేగడి బాటల వంటివే. కావున వారు కారు కడుపును నేలకు ఎత్తుగా నిలిపి, చక్రములను పెద్దవి చేసిరి. మోడల్ టి చక్రములకు ఆకులు కొయ్యవి. ఎడ్లబండి చక్రము చేయు మన వడ్రంగికి అవి పరాయివిగా తోపవు.

ఆ కారును నడుపు తీరు నేటి డ్రైవరుకు దిక్కుతోచనీయదు. కాళ్లక్రింద మూడు మీటలు. ఎడమదానిని బాగుగా త్రొక్కిన మెల్లగా, వదలిన వేగముగా పోవును. నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది నిలుపుటకు. వేగము పెంచు మీట చేతికందునట్లుండును. పెట్రోలు తోడు పంపు లేదు. సీటు క్రింది తొట్టినుండి, నీరు పల్లమెరిగినట్లు, ఇంజనులోనికి జారును. తొట్టిలో పెట్రోలు తరిగి, నిట్రమైన మిట్ట యెక్కవలసి వచ్చినప్పుడు కారును వెనుకకు మరల్చి, వీపు ముందుగా ఎక్కించెడివారు! ఇంజనును లేపుటకు ముందరి కడ్డీ త్రిప్పవలెను. అప్పుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుండవలెను. చుట్టి పట్టినచో కడ్డీ వెనుకకు తన్ని చేయి విరుచును. ఈ బాధ తప్పించుటకే 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్తుతో ఇంజనును లేపు యంత్రము నమర్చిరి. మా మామగారి కారుకు ఆ యంత్రమును, కడ్డీయు రెండును గలవు. ఆయన కడ్డీనే నమ్మెడివారు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలుకు కరవు రాగా బస్సుల వెనుక బొగ్గుకొలిమి కట్టి నడిపిరి. గాలి చాలని కొలిమిలో బొగ్గు మండగా పుట్టు వాయువే ఇంజనుకు ఆహారము. మిట్ట వచ్చిన ప్రయాణికులు దిగి నెట్టెడివారని మా పెద్దలు చెప్పగా వింటిని.

ఇక మామగారి కారు. ఆ కాలపు షెవ్రొలే పైకి ఇనుపరేకేగాని లోపలి చట్రము కొయ్య. చెదలు చేరకుండ ఆయన పాకలో ఇటుకలు పరపించి, దినదినము చూచుకొనెడివారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చెను. ఆ దినము సంగతి మన ప్రాంతమువారికి నేను చెప్పవలసినది లేదు. మనుష్యులను, గొడ్లను పోగొట్టుకొన్న ఊరిలో కారును తలచినవాడు లేడు. తలపకుండుటయే న్యాయము. ఇంజనులో ఉప్పునీరు నెలల తరబడి నిలిచెను. వెంటనే నూనె దించి, మంచినీట కడిగి, గొట్టములలో కిరసనాయిలు పోసి, చేతితో మెల్లగా కదలించియున్న బ్రదికియుండెడిదేమో. పిమ్మట వచ్చిన మేస్త్రీ యొకడు దానిని ట్రాక్టరుకు కట్టి లాగించెను. తుప్పుతో గొట్టమునకు అంటుకొనిన ముషలకము కదలలేదు, లోని దండము విరిగెను. ఆ వేసవిలో పాత ఇనుము కొనువాడు తూకమునకు తీసికొనిపోయెను. మామగారు ఆనాడు పొలమునకు పోయి చీకటిపడువరకు ఇంటికి రాలేదు.

ఇట్టి కార్లను తూకమునకు పోనీయక కాపాడువారు కలరు. అమెరికాలో 1935లోనే వారికొక సంఘమేర్పడెను. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో పాతకార్ల పందెము నారంభించిరి. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమున ప్యాకార్డు కారున్నది. ఈ యభిమానులు ఒక్క మర కొరకు ఖండాంతరములకు వ్రాయుదురు. దొరకనిచో లేతుమీద చేయింతురు. అట్టి పనితనమునకు మన విజయవాడ ఆటోనగరున కొదువ లేదు. వారిలోను ఒక వివాదము గలదు. క్రొత్త రంగు పూసి మెరయించుట మేలా, పాత రంగునే నిలుపుట మేలా యని. నేను రెండవ పక్షమువాడను. శిథిలమైన తాళపత్రములో లుప్తమైన పాదమునకు బదులు లేఖకుడు తన పద్యపాదమును చొప్పించిన నేనెన్నడును మెచ్చుకొనలేదు.

మీలో ఎవరి పాకలోనైన అట్టి కారున్నయెడల ఒక మాట వినుడు. 2021లో కేంద్రప్రభుత్వము మోటారువాహన నిబంధనలను సవరించెను. మొదట రిజిస్టరై 50 ఏండ్లు దాటి, చట్రము, ఇంజను మొదలగువానిలో పెద్ద మార్పులు చేయని సొంత వాహనమునకు ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేకపు నంబరు నిత్తురు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు, మరల పొడిగించుటకు 5,000 రూపాయలు. ప్రదర్శనలకు, పందెములకు, మరమ్మతులకు రోడ్డెక్కవచ్చునుగాని నిత్యము తిరుగరాదు, బాడుగకు త్రిప్పరాదు. కావున కారుకంటె ముందుగా దాని కాగితములను పెట్టెలో భద్రపరపుడు.

మామగారి కారులో మిగిలినది ఆనాడు మిద్దెమీదనున్న త్రిప్పుకడ్డీ యొక్కటే. ఇప్పుడది మా యింట పుస్తకముల బీరువా ప్రక్కనున్నది. మా మనుమడు దానిని పట్టుకొనినప్పుడెల్ల, బొటనవ్రేలు ఇవతలికి పెట్టుమని చెప్పుచుందును.