పడవ ముక్కు పక్కకెందుకు?

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వెళ్లే పంటు వశిష్ఠ గోదావరిని దాటాలి. నరసాపురం ఉన్నది పడమటి ఒడ్డున. నీరు దక్షిణంగా, సముద్రం వైపు లాగుతుంటే పంటును నేరుగా పడమటికి నడిపితే చాలదు. రేవు తప్పి దిగువన తేలుతుంది. అందుకే ముక్కు ఎగువకు తిప్పాలి.

ఎంత తిప్పాలి?

కాగితం మీద గీసి చూడండి. పడవ వేగం గంటకు 10 కిలోమీటర్లు, ప్రవాహానిది 5 అనుకుందాం. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కొలత. బయలుదేరే చోటు నుంచి పడమటికి పొడవాటి గీత గీయండి. అక్కడి నుంచే దక్షిణానికి 5 సెంటీమీటర్ల గీత గీయండి. దాని చివర వృత్తలేఖిని ముల్లు గుచ్చి, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చాపం గీసి పడమటి గీతను ఖండించండి. ముల్లు నుంచి ఖండన బిందువుకు గీసిన గీతే ముక్కు చూడాల్సిన దిక్కు. కోణమానినితో కొలిస్తే పడమటి నుంచి 30 డిగ్రీలు ఎగువకు! బయలుదేరిన చోటు నుంచి ఖండన బిందువు దాకా కొలిస్తే, దాటే వేగం మాత్రం 8.7కు పడిపోతుంది.

ఉత్తరపు గాలి కూడా నెడితే ఇంకొన్ని డిగ్రీలు కలపాలి. ఎన్ని అన్నది ఆ పడవ సంగతి తెలిసిన సరంగు అంచనాయే. పోటు వేళ నీరు ఎగువకు తిరిగితే లెక్కంతా తలకిందులు.

ప్రవాహం పడవ కంటే వేగమైతే ఆ చాపం గీతను అందుకోదు. ముక్కు ఎటు తిప్పినా సూటిగా దాటలేరు.