కండ్లద్దాలు పెట్టుకుంటే లైసెన్సు పోతుందా?

లారీ డ్రైవర్ల ఇండ్లలో బీపీ, షుగర్ కంటే ఎక్కువగా దాచిపెట్టేది ఒకటుంది. చూపు తగ్గడం. ప్రొద్దుటూరులో మా వీధిలోనే నలుగురు డ్రైవర్లున్నారు. ఒకాయన ఎర్రగుంట్ల సిమెంటు తోలుతాడు, ఇంకొకాయన పులివెందులలో చీనీకాయలు లోడెత్తుకుని పోతాడు. అందరికీ నలభై దాటింది, ఒక్కరికీ అద్దాల్లేవు. మా ఆయనను అడిగితే, “అద్దాలు పెట్టుకుంటే లైసెన్సు పోతాదిమ్మే, ఓనరు బండి ఇయ్యడు” అన్నాడు.

నిజమేనా అని ఆయన రెన్యువల్‌కు తెచ్చిన కాగితాలు ముందేసుకుని చదివాను. డాక్టరు నింపాల్సింది ఫారం 1-ఏ. చూపులో లోపం ఉందా అని అడిగి, ఉంటే తగిన అద్దాలతో సరిచేశారా అని కూడా అడుగుతుంది! డ్రైవరు తానే సంతకం చేసే ఫారం 1లో, 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు పగటి వెలుగులో కనిపిస్తుందా అన్నచోట, అద్దాలుంటే అద్దాలతోనే అని ఉంది. లైసెన్సుకు అద్దాలు అడ్డం కావని కాగితమే చెబుతోంది కదా!

అసలు చిక్కు పరీక్ష జరిగే తీరులో ఉంది. మా ఆయన పోయినచోట డాక్టరు తలెత్తి చూడకుండానే సంతకం పెట్టిచ్చాడు. ఆ సంతకం మా కడుపులో భయం తీర్చుతుందా? ఆ సాయంత్రమే వీధిలో స్కూటరు నిలబెట్టించి, ముప్పైమూడు అంగలు కొలిచి నిలబెట్టాను. సుమారు 25 మీటర్లు. మొదటి రెండు అక్షరాల తర్వాత ఆయన నోరు పెగల్లేదు.

మునుపు ఈ లైసెన్సు మూడేళ్లకే రెన్యువల్‌కు వచ్చేది. 2019 సవరణతో ఐదేళ్లయింది. గ్యాసు, పెట్రోలు వంటి ప్రమాదకరమైన సరుకు తోలేవాళ్లకు మాత్రం మూడేళ్లే. ఐదేళ్లలో షుగర్ కంటిని ఏమైనా చేయగలదు. జమ్మలమడుగులో మా అన్న టిప్పరు తోలేవాడు. నొప్పి లేదు, మంట లేదు. లోపల రెటీనా దెబ్బతింటున్నట్టు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు మా వదిన మిషను మీద ఇల్లు నడుస్తోంది.

అందుకే షుగరున్న డ్రైవరును ఏడాదికోసారి కంటి డాక్టరు దగ్గరికి పంపండి. కంట్లో చుక్కలు వేసి రెటీనా చూస్తారు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి తోలకూడదు. తోడు పోండి. షుగర్ మాత్రలో, ఇన్సులినో తీసుకుని తిండి మానేసి స్టీరింగు పట్టినా కండ్లు తిరుగుతాయి. క్యాబిన్లో బిస్కెట్లు, చక్కెర పెట్టి పంపండి.

మా ఆయనకు రెండు జతల అద్దాలు చేయించాం. ఒకటి జేబులో, ఇంకొకటి క్యాబిన్లో. ఓనరు చూసి, “నాకూ ఒకటి చేయించాల” అన్నాడట.