పేనుకొరుకుడు వచ్చిన బిడ్డ

తలలో రూపాయి బిళ్లంత మేర వెండ్రుకలు రాలి నున్నగా అయితే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. దానికీ పేనుకూ సంబంధమే లేదు. దేహంలోని రక్షణ శక్తి పొరపాటున వెండ్రుకల కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. అంటదు. అయినా బడిలో ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు, ఇంట్లో దువ్వెన వేరు పెడతారు.

పెండ్లీడు పిల్లకైతే మరీ కష్టం. తలంతా బోడి అయితే "ఏ కొండకు మొక్కావమ్మా?" అని బస్సులో అడుగుతారు. ఆరాధనలో ముసుగు కాపాడుతుంది గాని, స్త్రీకి జుట్టు గౌరవమని కొరింథీ పత్రిక మీద ప్రసంగం సాగే ఆదివారం ఆమె తల ఎత్తలేదు. కొందరైతే రహస్య పాపం వెదకుతారు! లేవీయకాండము 13:40 చూడండి. వెండ్రుకలు రాలినంత మాత్రాన అపవిత్రుడని ధర్మశాస్త్రమే అనలేదు.

గురివింద గింజ అరగదీసి రాయకండి, అది విషం. చర్మ వైద్యునికి చూపించండి. చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపే పూడుతాయి, కొందరికి మళ్లీ వస్తాయి. తీవ్రమైన దశకు బారిసిటినిబ్ అనే మాత్రను పెద్దవారికి వాడేందుకు అమెరికాలో 2022లో అనుమతించారు. బిడ్డ నిద్ర మాని, ఇల్లు కదలకుండా ఉంటే ఆ దిగులు కూడా వైద్యునితో చెప్పాలి.

తల్లులారా, అద్దం ముందు ఏడుస్తుంటే "జుట్టే కదా" అనకండి. పాస్టరమ్మగారు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి, జుట్టు ఊసెత్తకుండా, వచ్చే ఆదివారం పాటకు రమ్మని పిలవవచ్చు.