నందికి, గుడికి మధ్య ఓ ఊరుంది!

లేపాక్షి వెళ్లినవాళ్లు తప్పకుండా చేసే పని ఒకటుంది. వీరభద్రస్వామి ఆలయంలో వేలాడే స్తంభం కింద ఓ తువ్వాలు అటు నుంచి దూర్చి ఇటు తీస్తారు. ఆ తర్వాత ఏకశిలా నంది ముందు ఫొటో, దాహానికి ఓ కొబ్బరిబోండం. అంతే... బండి హిందూపురం వైపో, బెంగళూరు వైపో మళ్లుతుంది. గుడికీ నందికీ మధ్య ఓ ఊరుందని గుర్తుంచుకునేది ఎందరు?

ఇప్పుడు ఆ ఊరి గురించే ఆలోచించాలి. 2022లో ఈ ఆలయం, నంది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. తుది జాబితాలో చోటు దక్కితే పర్యాటకులు పెరుగుతారు. రోడ్లు, పార్కింగు, హోటళ్లు కావాలంటారు. మరి గుడి నీడన బతికే ఇళ్లూ, దుకాణాలూ?

గీత గీస్తే ఇల్లు లోపలే

2010 నాటి చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. పాత ఇంటి మరమ్మతుకైనా అనుమతి కావాలి. ఆపైన మరో 200 మీటర్ల వరకూ ఏం కట్టాలన్నా అనుమతి తప్పదు. కట్టడానికి ఇది రక్షణే. కొడుక్కి పెళ్లిచేసి ఇంకో గది వేసుకుందామనుకునే కుటుంబానికి మాత్రం చిక్కు!

విజయనగర వారసత్వమే అయిన హంపిలో ఏం జరిగిందో చూడండి. 1986లోనే అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆనెగొంది దగ్గర తుంగభద్రపై తలపెట్టిన వంతెనల వల్ల 1999లో ప్రమాదపు జాబితాలో పడి, 2006లో గానీ బయటపడలేదు. 2011 జులైలో హంపి బజారులోని ఇళ్లూ దుకాణాలూ కూల్చేశారు. పాత రాతి మండపాలు మిగిలాయి. వాటి మధ్య బతుకుతున్నవాళ్లు చెదిరిపోయారు.

అదే నదికి ఆవలి గట్టున, ఆనెగొందిలో మరో కథ. అక్కడి మహిళలు అరటినారతో బుట్టలు, సంచులు అల్లి పర్యాటకులకు అమ్ముతున్నారు. పాత ఇళ్లు కొన్ని అతిథులకు బసగా మారాయి. ఊరు ఖాళీ కాలేదు, ఊరికే పని దొరికింది.

అడిగేదెవరిని?

ప్రపంచ వారసత్వ కమిటీ కూడా 2007లో స్థానిక ప్రజలను తన ప్రధాన లక్ష్యాల్లో చేర్చుకుంది. లేపాక్షిలో ఆ పనికి గ్రామసభ ఉండనే ఉంది. అయితే సభకు సొంత ఇల్లున్నవాళ్లు వస్తే చాలదు. అద్దె దుకాణదారు, బండి మీద కాయలు అమ్మే అవ్వ, గైడు, అర్చకుడు, ఆటో డ్రైవరు... అందరూ కావాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. లేపాక్షి పంచాయతీ కాబట్టి ఆ అండ దానంతటదే రాదు. ఆ పద్ధతిని మాత్రం ఊరే అందిపుచ్చుకోవచ్చు.

అమ్ముకోవడానికి సరుకూ దూరంలో లేదు. ఆలయంలోని బొమ్మల అంచులు ధర్మవరం చీరల మీదికి ఏనాడో ఎక్కాయి. తోలుబొమ్మల నిమ్మలకుంటా ఈ జిల్లాలోదే. వర్షాన్ని నమ్ముకోలేని నేలలో అలాంటి ఆదాయం ఓ పంటతో సమానం.

ఒక్క స్తంభం నేలకు పూర్తిగా ఆనకుండా నిలిచిందంటే, చుట్టూ ఉన్న స్తంభాలు పైకప్పు బరువు మోస్తున్నాయి కాబట్టే. గుడికి ఊరూ అలాంటిదే. ఆ జనాన్ని తప్పించి గుడిని నిలబెట్టాలనుకుంటే... మోసేదెవరు?