ఇంటి గదిలో పాటల రికార్డింగు: విద్యార్థులకు కొన్ని సూచనలు

తెలుగు నేలకు దూరంగా తరతరాల కిందటే స్థిరపడిన కుటుంబాలలో చాలావాటికి పాటల నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. పెళ్ళిపాటలు, మంగళహారతులు, జోలపాటలు, దంపుళ్ళ పాటలు అందులో రాసి పెట్టుకుంటారు. భాష తెలుగే గాని, లిపి మాత్రం రాసినవారు బడిలో నేర్చుకున్నది. మదురై, కోవిల్పట్టి వైపు తమిళ లిపి, షోలాపూరులో దేవనాగరి, బరంపురంలో ఒడియా, కోలారులో కన్నడం.

ఈ పుస్తకాలు విలువైనవే. అయితే తెలుగు ధ్వనుల మధ్య ఉన్న భేదాలన్నిటినీ ప్రతి లిపీ చూపలేదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం గనుక ‘గాలి’, ‘కాలి’ ఒకేలా కనిపిస్తాయి. దేవనాగరిలోను, ఒడియాలోను ఎకార ఏకారాలకు వేర్వేరు గుర్తులు వాడుకలో లేవు గనుక ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. కన్నడ లిపిలో ఈ చిక్కు లేదు. కాని ‘చుక్క’ అనే మాటలో చాలామంది పలికే దంత్య చకారాన్ని తెలుగు లిపి సైతం మామూలు రాతలో వేరు చేసి చూపదు. ఇక రాగం, అక్షరాన్ని సాగదీసే తీరు, ఊపిరి తీసుకునే చోటు ఏ నోటుపుస్తకంలోనూ ఉండవు.

పాడే అమ్మమ్మో జేజో ఇంట్లో ఉన్నంతకాలం ఈ లోటు తెలియదు. పక్కన కూర్చుని అడిగితే చెబుతారు. ఆ తరం వెళ్ళిపోయాక పుస్తకం మిగులుతుంది, దాన్ని సరిగా చదవడానికి ఆధారం మిగలదు. ఆ ఆధారాన్ని ఇంట్లోనే ఎలా పదిలపరచవచ్చో, ఆ తరువాత దానితో వినసొంపైన పాటను ఎలా తయారుచేసుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాం.

ఇంటికి వచ్చిన స్టూడియో

మన దేశ భాషల ధ్వనిని పదిలపరచే పని కొత్తది కాదు. గ్రియర్సన్ భాషా సర్వేక్షణకు అనుబంధంగా 1910లలోను, 1920లలోను అనేక భాషల గ్రామఫోను రికార్డులు తయారయ్యాయి. అప్పట్లో అది ప్రభుత్వాలు చేయవలసిన పని. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టాక రికార్డింగు సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది. 1979లో టాస్కామ్ సంస్థ పోర్టాస్టూడియో అనే యంత్రాన్ని తెచ్చింది. ఒకే క్యాసెట్టు మీద నాలుగు ధ్వనులను విడివిడిగా పట్టి, తరువాత కలుపుకునే వీలు దానిలో ఉంది. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో ‘నెబ్రాస్కా’ పాటలను అటువంటి యంత్రం మీద ఇంట్లోనే నమూనాగా పట్టుకున్నాడు. వాటిని స్టూడియోలో వాద్యబృందంతో మళ్ళీ పాడి చూస్తే ఆ గుణం రాలేదు. చివరకు ఇంటి క్యాసెట్టునే ఆల్బముగా విడుదల చేశారు.

నేడు ఒక కంప్యూటరు, ఒక మైకు, మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేసు, హెడ్‌ఫోన్లు ఉంటే ఇంటి స్టూడియో సిద్ధమైనట్టే. ఇవి లేనివారు మంచి ఫోనుతో కూడా మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్ళు ముందుగా మైకు ధర చూస్తారు. మేము ముందు గది చూడమంటాం.

గది, చప్పుడు

నున్నని సిమెంటు గోడలు, గచ్చు నేల, సామాను లేని గది పాటకు పనికిరావు. గొంతు నుంచి వచ్చిన ధ్వని గోడలకు తగిలి తిరిగివచ్చి, కొంచెం ఆలస్యంగా మైకులో పడుతుంది. ముందు పలికిన అచ్చు తోక తరువాతి హల్లు మీద పరుచుకుని మాట మసకబారుతుంది. బట్టలు, పరుపులు, దిండ్లు ఉన్న పడకగది మేలు. పాడేవారి వెనుకా పక్కలా మందపాటి బొంతలు గోడకు కొంచెం ఎడంగా వేలాడదీయండి. బొంత పై స్థాయి ధ్వనులను బాగా పీల్చుకుంటుంది. కింది స్థాయి ధ్వనుల మీద దాని ప్రభావం తక్కువ. గది మూలల్లో ఈ కింది ధ్వనులు పేరుకుంటాయి గనుక మూలలో కూర్చోబెట్టవద్దు.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ల్యాప్‌టాప్‌ను కరెంటుకు కలపకుండా బ్యాటరీ మీద నడిపితే 50 హెర్ట్జుల గుయ్యిమనే రొద చాలాసార్లు తగ్గుతుంది. షోలాపూరు, భివండి వంటి ఊళ్ళలో మరమగ్గాల పక్కన నివసించే విద్యార్థులు మగ్గాలు ఆగే వేళ కనిపెట్టి పని పెట్టుకోవాలి. ప్రతిసారీ ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. తరువాత రొదను తగ్గించవలసి వస్తే అదే కొలమానం అవుతుంది.

మైకు, దూరం

పాడేవారి నోటికి జానెడు దూరంలో మైకు ఉంటే మంచిది. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే ధ్వని సుమారు 6 డెసిబెల్సు తగ్గుతుంది. గది ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే మైకు దూరం జరిగేకొద్దీ మనం పట్టేది గొంతును కాదు, గదిని. మరీ దగ్గరైతే వేరే చిక్కులు ఉన్నాయి. ఒకవైపు ధ్వనినే ప్రధానంగా పట్టే మైకులు దగ్గరి గొంతులో కింది స్థాయిని పెంచి చూపిస్తాయి. పైగా ప, బ, భ లు పలికినప్పుడు వచ్చే గాలి మైకుకు కొట్టి ఢమాలుమంటుంది. మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు పెడితే ఆ గాలి తప్పిపోతుంది.

పెద్దవాళ్ళు మైకు చూసి బిగుసుకుపోవడం సహజం. హెడ్‌ఫోన్లు పెట్టి, తాళం కొట్టే యంత్రాన్ని వినిపిస్తూ పాడమనకండి. జోలపాట లయ చేతి ఊపును, మాటల మాత్రలను బట్టి నడుస్తుంది గాని గడియారాన్ని బట్టి కాదు. శ్రుతి కూడా వారికి అలవాటైనదే ఉండనివ్వండి. మొదటి పాట అలవాటు కోసమే అనుకుని పాడించండి. దాన్ని కూడా చెరపవద్దు.

అంకెల లెక్క

కంప్యూటరు ధ్వనిని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. మన చెవి వినగల పై హద్దు సుమారు 20,000 హెర్ట్జులు. దానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి గనుక సీడీలకు 44,100 అనే సంఖ్య నిర్ణయమైంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం సెకనుకు 48,000 కొలతలు, కొలతకు 24 బిట్లు ఉండాలని సూచిస్తుంది. ఈ లెక్కన ఒక మైకుతో పట్టిన గంట పాటకు సుమారు 520 మెగాబైట్ల జాగా చాలు. నేటి పరికరాలకు ఇది భారం కాదు.

మూలాన్ని వేవ్ ఫైలుగానే దాచాలి. ఎం.పి.3 వంటి పద్ధతులు చెవికి అంతగా తెలియదనుకున్న భాగాన్ని తీసివేసి ఫైలును చిన్నది చేస్తాయి. తీసివేసినది తిరిగిరాదు. ఫోనులో పాడించుకుని రికార్డు చేయడం ఇంకా నష్టం. పాత టెలిఫోను పద్ధతిలో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జుల వరకే ధ్వని ప్రయాణిస్తుంది. సకారం, దంత్య చకారం వంటి ఊదుడు ధ్వనుల బలమంతా ఆ హద్దుకు పైనే ఉంటుంది. లిపి పోగొట్టిన భేదాన్నే అజాగ్రత్త రికార్డింగు కూడా పోగొట్టినట్టవుతుంది.

ధ్వని స్థాయిని చూపే మీటరులో సున్నా పై హద్దు. అది దాటితే అల తల తెగి, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తుంది. ఎంత గట్టిగా పాడినా ముల్లు మైనస్ 12 దగ్గర ఆగేలా ముందే సరిచేయండి. 24 బిట్లలో పట్టినప్పుడు స్థాయి కొంచెం తగ్గినా నష్టం లేదు, తరువాత పెంచుకోవచ్చు.

మూలం వేరు, తయారీ వేరు

పట్టిన ఫైలు మీద నేరుగా ఏ పనీ చేయవద్దు. దానికి ప్రతి తీసి ఆ ప్రతి మీదనే కత్తిరింపులు, మెరుగులు, వాద్యాల చేర్పు చేయండి. మా సూచనలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. ఏ పాటకైనా మెరుగుపెట్టిన రూపమొక్కటే మిగిలితే, పాడినామె ఏమి పలికిందో, యంత్రం ఏమి మార్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

రొద తీసే సాధనాన్ని ఎక్కువగా వాడితే స, ష, చ లను కూడా రొద అనుకుని మింగేస్తుంది. శ్రుతి సరిచేసే సాధనం స్వరాన్ని హార్మోనియం మెట్ల వంటి పన్నెండు స్థానాలలో ఏదో ఒకదానికి లాగుతుంది. ముసలి గొంతులోని జారుడు, కంపితం అప్పుడు తప్పులుగా లెక్కకు వస్తాయి. అవి ఆ పాట బాణీలో భాగాలు కావచ్చు. 80 హెర్ట్జులకు దిగువన ఉన్న రొదను స్త్రీ గొంతు నుంచి వడకట్టడం మాత్రం సాధారణంగా ప్రమాదం లేని పని.

వాద్యాలు చేర్చేటప్పుడు 1,000 నుంచి 4,000 హెర్ట్జుల మధ్య వాటి బలాన్ని కొంచెం తగ్గించండి. మాట స్పష్టత చాలావరకు ఆ మేరలోనే ఉంటుంది. కృత్రిమ ప్రతిధ్వనిని ఉప్పులా వాడాలి. పని పూర్తయ్యాక ఆ పాట తెలియని తెలుగువారికి వినిపించి, మాటలు రాసి ఇమ్మనండి. మొదటిసారి ఎక్కడెక్కడ తడబడ్డారో అక్కడ మీ కలుపుడులో లోపం ఉందేమో చూసుకోవాలి. తరువాత మూలాన్ని వినిపించి పోల్చండి. మూలంలో తెలిసిన మాట మీ తయారీలో తెలియకపోతే వాద్యాలను తగ్గించండి.

పాటతోపాటు దాచవలసినవి

పేరులేని రికార్డింగు పదేళ్ళలో అనాథ అవుతుంది. ప్రతి పాటకు ముందు తేదీ, ఊరు, పాడేవారి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు అనే వివరాలను వారి నోటనే చెప్పించండి. రికార్డు చేయడానికి, ఇతరులకు వినిపించడానికి విడివిడిగా అనుమతి అడగండి. ఇంట్లోవాళ్ళకు తప్ప వినిపించవద్దని పెద్దవారు అంటే ఆ మాట పాటించాలి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ, ఊరు, వరుస సంఖ్య ఉంటే చాలు. మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి.

ఆపైన నోటుపుస్తకం ముందు పెట్టుకుని, పాట వింటూ తెలుగు లిపిలో రాయండి. లిపి ఇంకా రానివారు తమకు వచ్చిన లిపిలోనే రాసి, అనుమానం ఉన్న అక్షరం కింద గీత గీయండి. ఆ గీతలున్న మాటలను పాడినవారికే చదివి వినిపించి ఏది సరో అడిగి తెలుసుకోండి. ‘మెడ’ అన్నారా, ‘మేడ’ అన్నారా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని పూర్తిచేయాలి. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పాటతో మొదలుపెట్టండి.